నాలుగో తలుపుకి మర్యాద నేర్పిన సంగతి

పాచి తొట్ల పుస్తకం. కొత్తరేవు, అడుగంతస్తు. రాసేది బంటు జోగులు, పెద్ద కవ్వం, అంటే పాచి చిలికేవాళ్ళకి పెద్ద.

సోమవారం

పాచి ఆకుపచ్చ. వాసన బాగుంది. మూడో తొట్టి కొంచెం చిక్కన.

ఇక్కడితో ఆపాలి. ఈ పుస్తకంలో పాచి రంగు, వాసన, చిక్కదనం తప్ప ఇంకేమీ రాయకూడదని పైవాళ్ళ ఆర్డరు. ఇన్నేళ్ళూ అలాగే రాశాను. ఈరోజు నుంచి ఆగను. అర్జీలు మీరు చదవరు. ఈ పాచి వదిలే గాలే మీరు పీల్చేది కాబట్టి ప్రతి అక్షరం చదువుతారు. నా కవ్వాలు ఒక్క పూట ఆగితే పాచి అడుక్కి దిగిపోతుంది, పైన మీకు ఆవలింతలు మొదలవుతాయి. అందుకని చదువుతారు. చదవండి.

పదకొండేళ్ళ కింద, పోయిన పెద్ద గ్రహణం నాడు, నాలుగో తలుపు నా పెళ్ళాం పోలమ్మని "నిలబడవే" అంది.

అది నేను మర్చిపోలేదు. మర్చిపోను. పెద్దాయన, అదే మేం చుట్టూ తిరిగే పెద్ద గ్రహం, సూర్యుడికి అడ్డం వచ్చి నిలుచుంటే మా చందమామ మీద ఎంత చలి పడుతుందో పైఅంతస్తుల్లో పుట్టినవాళ్ళకి తెలీదు. అడుగంతస్తు గోడలు తెల్లగా గడ్డ కడతాయి. అందరం నాలుగో తలుపు దాటి, లిఫ్టు ఎక్కి, వెచ్చటి నడిమి హాలుకి పోవాలి. ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది తలుపే పిలుస్తుంది. ఆ రోజు మేం అందరికంటే ముందు వచ్చి నిలుచున్నాం. మా అంతస్తులో కొట్లు పెట్టుకున్న తెల్ల అల్బినావాళ్ళు తీరిగ్గా తర్వాత వచ్చారు. తలుపు వాళ్ళ భాషలో మెత్తగా ఏదో పాడినట్టు పిలిచింది, వాళ్ళు ఎక్కారు. బుట్టలో వాళ్ళ పిల్లి కూడా ఎక్కింది. పోలమ్మ అడుగు ముందుకేస్తే "నిలబడవే" అంది. నన్ను "ఒరే, వెనక్కి పో" అంది. మా వంతు వచ్చేసరికి పోలమ్మ కాలివేళ్ళు రెండు చచ్చుబడ్డాయి, రొమ్ము పట్టేసి ఊపిరి పాడైంది. పిల్లి పైకి పోయింది, పిల్లికూతలు నా పెళ్ళానికి మిగిలాయి.

వచ్చే వారం శనివారం మళ్ళీ పెద్ద గ్రహణం. ఈసారి చలిలో నిలబెడితే మనిషి దక్కదని మందుల ఆవిడ చెప్పేసింది.

మా ముత్తాతల్ని కంపెనీ కోరంగి అనే ఓడలో తెచ్చింది, పాచి చిలకడానికి. తమారా ఓడవాళ్ళని రాయి తొలవడానికి తెచ్చింది. అల్బినా ఓడవాళ్ళని లెక్కలు రాయడానికి, తాళాలు పట్టుకోవడానికి. ఒంటి రంగు చూసి పని పంచింది. తెల్లగా ఉంటే తాళం, చామనగా ఉంటే కవ్వం, నల్లగా ఉంటే గునపం. తర్వాత కంపెనీ దొరలు పోయారు. జెండా మారింది. ఇకమీదట ఎవర్నీ ఓడ పేరు అడగకూడదని చట్టం చేసి బెల్లం ఉండలు పంచారు. నేనూ రెండు తిన్నాను. తాళాలు మాత్రం ఎవరి నడుముకి ఉన్నవి వాళ్ళ నడుముకే ఉన్నాయి. తలుపు నోరూ మారలేదు.

మా వాళ్ళు కొందరు తలుపు ముందు అల్బినా మాటలు గొణుగుతారు. తలుపు నాలుగు ముక్కలు వింటుంది, కోరంగి నోరని కనిపెడుతుంది, "ఒరే, తెలుగులో ఏడు" అంటుంది. నేను ఏనాడూ గొణగలేదు. నా తాతలు మాట్లాడిన మాట నేను తలుపు కోసం ఎందుకు మింగాలి?

మంగళవారం

పాచి బాగుంది. నా ఒంట్లో రక్తం మాత్రం ఉడుకుతోంది.

గ్రహణానికి ముందు తలుపులు చూసిపోవడానికి తలుపుల ఆఫీసు నుంచి ఒక అల్బినా పిల్ల దిగింది. పేరు ఒరియానా. పాతికేళ్ళుంటాయేమో. నేను రెండో తొట్టి మీద నిలుచుని చిలుకుతున్నాను. పోలమ్మ అంబలి తెచ్చి గట్టు మీద కూర్చుంది. నా కింద పనిచేసే తమారా మనిషి కిబో కవ్వం తాడు ముడేస్తున్నాడు. ఆ పిల్ల గబగబా వచ్చి, మొహం అంతా నవ్వు చేసుకుని, చేతులు జోడించి, మా భాషలో ఏమందో రాస్తున్నాను.

"ఒరే జోగులూ! బాగున్నావురా? ఇలా రా, కూర్చో!"

చేతిలో కవ్వం ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే చెయ్యి లేచేది.

"ఎవుల్నే ఒరే అంతన్నావు?" అన్నాను.

"నిన్నేరా!" అంది ఇంకా సంతోషంగా. "నీకోసమే నేర్చుకున్నాను. బాగా మాట్లాడుతున్నానా, వెధవా?"

కిబో తాడు వదిలేశాడు. పోలమ్మ నవ్వడం మొదలెట్టింది. నవ్వితే ఆవిడకి ఎగశ్వాస. అయినా ఆపదు.

"ఓలమ్మో! గుంట కంపెనీ మేస్త్రీలాగే మాట్నాడతంది! ఎవుల కాడ నేర్సినావే తల్లీ?"

"తలుపు దగ్గర. పైన ఆఫీసులో కూర్చుని రెండేళ్ళు రోజూ తీగ మీద తలుపుతో మాట్లాడి నేర్చుకున్నానే, ముసలిదానా."

నేను కవ్వం దించి గట్టు మీదకి వచ్చాను. ఒరే అంటే ఏమిటో, వెధవ అంటే ఏమిటో, ముసలిదానా అంటే ఏమిటో దాచకుండా చెప్పాను. నాకు దాచి చెప్పడం రాదు. ఆ పిల్ల తెల్లటి మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. ప్రతి మాట చివర 'రా' పెడితే గౌరవం అనుకుందట. తలుపు మాటలే కదా, పెద్ద ఆఫీసు మాటలనుకుందట.

"మరి నిన్ను... ఏమనాలిరా?" అంది చిన్న గొంతుతో.

"మీరు అనాల."

"మేమా?"

"నువ్వు కాదు! నన్ను! నన్ను మీరు అనాల!"

"నువ్వు ఒక్కడివే కదా. మీరు అంటే చాలామంది కదా?"

"ఒక్కడినే. అయినా మీరే."

"ఒక్క మనిషిలో చాలామందిని చూడటమా?" అంది.

"అదే మర్యాద" అన్నాను. నేను ఎప్పుడూ అలా ఆలోచించలేదు గానీ, ఒప్పుకోవడం ఎందుకని అనేశాను.

అప్పుడు ఆ పిల్ల పరిగెత్తినట్టుగా నాలుగో తలుపు దగ్గరికి పోయింది. గోడలో పెట్టె తెరిచి, దాని పేగులన్నీ కదిపి చూసింది. తిరిగొచ్చేసరికి మొహం వేరేగా ఉంది.

"జోగులు... మీరు," అంది. అలాగే అంది, మధ్యలో మింగి. "ఈ తలుపుకి తెలుగులో ఒక్క మనిషిని 'మీరు' అనడమే రాదు."

కంపెనీ రోజుల్లో ఈ తలుపుకి భాష ఎవరూ పాఠం చెప్పలేదట. చెవి తెరిచి వదిలేశారట. తన ముందు ఎవర్ని ఎవరు ఎలా పిలుస్తారో విని నేర్చుకుందట. తెలుగులో దానికి వినబడింది ఒక్క మేస్త్రీల అరుపులే. రా, పో, ఎత్తు, దించు, నిలబడు. తర్వాత చెవి మూసేశారు. అప్పటి నుంచి అదే పాట. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి చెప్పింది. గ్రహణం వరస తలుపు ఎలా వేస్తుందంటే, మర్యాదగా పిలవబడేవాళ్ళు ముందు, రా పో అనిపించుకునేవాళ్ళు వెనక. కంపెనీ పెట్టిన పద్ధతి. జెండా మారినప్పుడు తలుపులో ఓడ పేరు ఉన్న గడి కొట్టేశారు. పిలుపు కొట్టెయ్యలేదు.

అంటే పదకొండేళ్ళుగా నేను అరుస్తున్నది నిజమే! "మాట సంగతి కాదు మామా, ప్రాణం సంగతి" అని నేనంటే మా వాళ్ళే నవ్వారు. ఒక్క 'అండి' లేకపోబట్టి నా పెళ్ళాం వేళ్ళు పోయాయి!

రాత్రి అంబలి కూడా సయించలేదు, అంత హుషారుగా ఉంది.

బుధవారం

పాచి ఆకుపచ్చ. తొందరగా రాస్తున్నాను, చెప్పాల్సింది చాలా ఉంది.

ఒరియానా తలుపు చెవి తెరిచింది! పరీక్ష కోసం అని తన పేరు మీద తెరిచింది. ఎవరైనా తలుపు ముందు నిలబడి ఒకళ్ళనొకళ్ళు మర్యాదగా పిలుచుకుంటే చాలు, అది నేర్చుకుంటుంది. అడుగంతస్తు అంతా కదిలి వచ్చింది. ఆడవాళ్ళు కొత్త చీరలు కట్టుకొచ్చారు, తలుపు చూస్తుందా పెడుతుందా అని ఆలోచించకుండా. నేను మధ్యలో నిలుచుని, "మాట్నాడండహె!" అన్నాను.

అప్పుడు చూడాలి.

"ఒరే అప్పన్నా, ఇలా రా!" "ఏటిరా?" "ఒలే సీతా, నీ బిడ్డ ఏడుత్తంది సూసుకోవే!" "నువ్వు సూడు, నీకు కళ్ళు నేవా?"

గంటసేపు ఇదే. మా తాతలు వచ్చిన తీరంలో ఇలాగే మాట్లాడుకునేవారట, మేమూ ఇలాగే మాట్లాడుకుంటాం. అమ్మని నువ్వంటాం, అన్నని ఒరే అంటాం, ప్రేమ ఎక్కువైతే తిడతాం. మీరు అనమంటే ఒక్కరికీ నోరు తిరగదు. అప్పన్న ప్రయత్నించి, "మీరు... రారా!" అన్నాడు. ఒరియానా తల పట్టుకుంది.

"దీనికన్నా మేస్త్రీలే నయం" అంది పోలమ్మ.

అప్పుడు కిబో జనం వెనక నుంచి వచ్చాడు. నేను తలుపుకి అడ్డంగా నిలుచున్నాను. "బాబూ, మీరు కొంచెం ఇటు రండి. అక్కడ తడి ఉంది, కాలు జారతాది. నా సెయ్యి పట్టుకోండి" అన్నాడు.

నీళ్ళు పారినట్టు వచ్చింది! అందరం నోరు తెరిచాం. కిబోకి తెలుగు నేర్పింది నేనే. తొట్ల మీద పనికి వచ్చిన మొదటి రోజునే, పెద్ద కవ్వంతో ఎలా మాట్లాడాలో చెప్పి, రండి, దయచేయండి, కూర్చోండి, జోగులు గారూ, సిత్తం బాబూ, అన్నీ వల్లె వేయించాను. అడుగంతస్తు మొత్తంలో మీరు అనడం చేతనైనవాడు వాడొక్కడే!

"ఒరే కర్రోడా, మాట్నాడరా, ఇంకా మాట్నాడు!" అన్నాను. కర్రోడు అంటే మా యాసలో నల్లవాడు. వాడు మధ్యాహ్నం దాకా నన్ను కూర్చోబెట్టాడు, లేపాడు, మంచినీళ్ళు ఇచ్చాడు, క్షేమం అడిగాడు. చివరికి ఒరియానా సైగ చేసింది. నేను వెనక్కి వెళ్ళి, చొక్కా సర్దుకుని, మళ్ళీ తలుపు ముందుకి నడిచాను.

"జోగులు గారూ, దయచేయండి" అంది తలుపు.

ఇంకోసారి రాసుకుంటున్నాను. జోగులు గారూ, దయచేయండి! జనం ఈలలు వేశారు. నేను మళ్ళీ వెనక్కి పోయి మళ్ళీ వచ్చాను. మళ్ళీ అంది. ఇంకోసారి పోతుంటే పోలమ్మ, "సాల్లే, అరిగిపోద్ది" అంది.

గురువారం

పాచి రంగు నేను చూడలేదు. కిబో చూశాడు. బాగుందట.

నిన్న సంబరంలో ఒక పని మర్చిపోయాం. ఈరోజు చేశాం. పోలమ్మని నడిపించాం. ఒరియానా కొత్తగా నేర్చిన మర్యాదతో, "పోలమ్మ గారూ, మీరు వెళ్ళండి, ఇప్పుడు చూడండి" అని పంపింది. పోలమ్మ కుంటుకుంటూ తలుపు ముందుకి పోయింది.

"నిలబడవే" అంది తలుపు.

పాత మేస్త్రీ గొంతు కాదు. నా గొంతు. నా యాస. నేను రోజూ అనే 'వే'.

కిబో ముందుకి పోయాడు. "ఒరే కర్రోడా, ఎనక్కి ఎల్లు" అంది. అదీ నా గొంతే.

ఒరియానా పెట్టె చూసి చెప్పింది. తలుపు తప్పు ఏమీ చెయ్యలేదట. నిన్నంతా అది విన్నదేమిటి? కిబో నన్ను మీరు అన్నాడు. నేను కిబోని కర్రోడా అన్నాను, పోలమ్మని రావే పోవే అన్నాను. కాబట్టి జోగులు ముందు, పోలమ్మ వెనక, కిబో ఇంకా వెనక. వరస వేసేసింది.

"నా ఒక్కదాని పిలుపు సరిపోదు" అంది ఒరియానా. "ఇంటివాళ్ళు పిలిచేదే ఎక్కువ లెక్క."

"తలుపుకి తెలుగు ఒచ్చీసింది," అంది పోలమ్మ నాకేసి చూడకుండా. "నువ్వు నేర్పిన తెలుగే."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. "నాను మాత్రం తెల్లగా ఉన్నానా? కర్రోడా అంటే తిట్టా? అది ముద్దు!" అన్నాను. కిబో తాడు చూసుకుంటూ, "ఔను బాబూ, ముద్దే" అన్నాడు. ముద్దే అన్న మనిషి నాకేసి చూసి అంటాడు కదా. వాడు తాడుకేసి చూసి అన్నాడు.

శుక్రవారం

పాచి నేనే చూశాను. ఆకుపచ్చ. గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాను.

ఇంటికి పోయి పోలమ్మ ఎదురుగా కూర్చుని నోరు తెరిచాను. "మీ..." అని ఆగిపోయాను. మళ్ళీ, "మీ..."

"ఏటి, మేకపిల్లలాగ?" అంది.

"నాను సెప్పనేను పో! పెళ్ళాన్ని మీరంటే నోకం నవ్వుద్ది!"

"ఆకాశంలో బండరాయిని పెద్దాయన అంతావు. తొట్టిలో పాచిని తల్లీ అంతావు, దండం ఎడతావు. నీ కవ్వం తాడు కూడా తెగితే 'అయ్యో బాబూ' అంతావు. నానేటి పాపం సేసినాను? ఇన్నేళ్ళు నీ రావే పోవే నాకు తీపిగానే ఉంది, నేదనను. ఇప్పుడు అదే నన్ను సలిలో నిలబెడితే నాను తీపి తిని సావాల్నా?"

లేచి తలుపు దగ్గరికి పోయాను. జనం ఉన్నారు. ఉండనీ అనుకున్నాను. పిలిచే మనిషి నలుగురిలో పిలవాలి. వెనకనే పోలమ్మ వచ్చింది, కిబో వచ్చాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"పోలమ్మ గారూ," అన్నాను. "మీరు... రండి. మీకు కాలు నొప్పి కదా. ఈ బల్ల మీద కూసోండి."

అప్పన్న వేసిన ఈలకి పైఅంతస్తు కూడా అదిరి ఉంటుంది. పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏమిటో నాకు కనబడలేదు.

"సిత్తమండీ" అని వచ్చి కూర్చుంది.

తర్వాత కిబో వైపు తిరిగాను. పోలమ్మని అనడం కష్టమనుకున్నాను గానీ ఇది ఇంకా కష్టమైంది. ఎందుకో మీకు తెలుసు, నాకూ తెలుసు. దొర మమ్మల్ని ఒక మెట్టు కింద కూర్చోబెడితే, ఆ మెట్టు కింద ఇంకొకడు ఉన్నాడులే అన్న ధైర్యంతో బతికాం.

"కిబో గారూ, మీరూ కూసోండి."

కిబో కంగారుపడ్డాడు. "బాబూ, ఒంట్లో బాగోనేదా?"

"బాగానే ఉంది! కూసోమంతే కూసోండి!"

కూర్చున్నాడు. నెమ్మదిగా, "అయితే ఇకనుంచి నాను మిమ్మల్ని నువ్వు అనొచ్చా?" అన్నాడు.

"అనకండి. అందరం మీరే. ఎవులూ కిందకి దిగడం నేదు."

అప్పుడు నవ్వాడు. ఈసారి నాకేసి చూసే నవ్వాడు.

ఆదివారం

పాచి బ్రహ్మాండంగా ఉంది. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి.

రెండు రోజులుగా అడుగంతస్తు ఒక పెళ్ళి పందిరిలా ఉంది. ఎవర్ని చూసినా మీరు, అండి, దయచేయండి. తలుపు ముందు పొద్దస్తమానం జనమే. నీళ్ళ కుళాయి దగ్గర సీతమ్మకీ సూరమ్మకీ పోట్లాట వచ్చింది. "మీ నోట్లో మన్నడ, జరగండి!" అంటే "మీ జుట్టు నా సేతిలో ఉందండోయ్!" అని రెండోది. చూసినవాళ్ళం పొట్టలు పట్టుకున్నాం. తమారావాళ్ళు వాళ్ళు రాయి తొలిచే గనుల నుంచి వచ్చి, వాళ్ళ భాషలో పెద్దమనిషిని ఏమంటారో తలుపుకి అదీ నేర్పారు. కొట్టు అల్బినా ముసలాయన ఒకడు, పిల్లి బుట్ట ఆయనే, దూరంగా నిలుచుని చూసి చూసి, చివరికి వచ్చి నన్ను "జోగులు గారూ, బాగున్నారా?" అని అడిగాడు. నేను బాగున్నాను అన్నాను. పిల్లి సంగతి అడిగాను. చచ్చిపోయిందట. పాపం అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

సాయంత్రం ఒరియానా అందరి ఎదురుగా వరస పరీక్ష పెట్టింది. గ్రహణం వచ్చినట్టు తలుపుకి చెప్పింది. తలుపు ముందు ఎవర్ని పిలుస్తుందో చూద్దామని. అందరూ మీరే అయినప్పుడు ముందెవరు, వెనకెవరు? ఇది నాకు తట్టనేలేదు.

అందరికీ ఒకే మర్యాద కావడంతో తలుపుకి పాత వరస దొరకలేదట. అలా దొరకనప్పుడు ఏం చెయ్యాలో కంపెనీవాడు అడుగున ఒక ముక్క రాసి పెట్టి మర్చిపోయాడట, ఎప్పటికీ అవసరం రాదని. ఒరియానా చదివి చెప్పింది: మర్యాద సమానమైతే, నిలబడలేనివాళ్ళు ముందు.

"పోలమ్మ గారూ, దయచేయండి" అంది తలుపు. "మెల్లగా రండి."

అప్పుడు నా గొంతు లేదు అందులో. మేస్త్రీ గొంతూ లేదు. అందరి గొంతూ కలిసినట్టుగా ఉంది.

సోమవారం

పాచి ఆకుపచ్చ. ఈ మాట మళ్ళీ ఎప్పుడు రాస్తానో మీరే తేల్చాలి.

ఒరియానా పొద్దున్నే దిగి వచ్చారు. కళ్ళు వాచి ఉన్నాయి.

"జోగులు గారూ, నన్ను తిట్టండి," అన్నారు. "మీకు చేతనైనట్టు తిట్టండి. మీరు, గారు ఏమీ వద్దు."

ఆఫీసు మీద పెద్దలు, ఈ పుస్తకం చదివే మీ తలుపుల మండలి చెప్పిన మాట చెప్పారు. ఓడ గడి ఎప్పుడో కొట్టేశారు కాబట్టి తలుపులో వివక్ష అన్నదే లేదట. పిలుపు అన్నది అలవాటు సంగతట, ప్రాణం సంగతి కాదట. చెవి తెరవడం ఒరియానా తప్పట. బుధవారం మొదటి గంట కొట్టేలోగా నాలుగో తలుపుకి పాత మాటలే తిరిగి పెట్టేస్తారట. శనివారం గ్రహణం పాత వరసలోనే నడుస్తుందట. గ్రహణం అయ్యాక కమిటీ వేసి, మర్యాద విషయం తీరిగ్గా చూస్తారట.

గ్రహణం అయ్యాక పోలమ్మ గారు ఉండరు. మందుల ఆవిడ చెప్పింది మీ దాకా రాదేమోనని మొదటి రోజే రాశాను. మీరు చదివారు. చదివే ఈ మాట పంపారు.

నేను ఒరియానాని తిట్టలేదు. "కూసోండి, అంబలి తాగండి" అన్నాను. ఏడ్చారు. తాగారు. ఇంకో సంగతి చెప్పారు: చెవి మూసి పాత మాటలు పెట్టాలంటే మండలిలో ఎవరో ఒకరు స్వయంగా నోటితో ఆజ్ఞ ఇవ్వాలట. అంటే మీరు ఊరుకుంటే తలుపు ఇలాగే ఉంటుంది. మమ్మల్ని బాగు చెయ్యమని మిమ్మల్ని అడగడం లేదు. అది మేం చేసుకున్నాం. చెడగొట్టకండి అని అడుగుతున్నాం.

ఈ సంగతి పోలమ్మ గారితో చెబితే ఆవిడ ఒక్కటే అన్నారు: "ఆళ్ళు నిలబడవే అంతే నాను నిలబడతాను. ఒక్కదాన్నే కాదు."

ఆ మాట అందరం విన్నాం. కిబో గారు నాలుగు తొట్ల తాళ్ళూ చూసి వచ్చారు. కవ్వం మనుషులందరితో నేను మాట్లాడాను. మావాళ్ళూ తమారావాళ్ళూ ఒక్క మాట మీద ఉన్నారు. తలుపు మమ్మల్ని దయచేయండి అంటే దయచేస్తాం, పని దయచేస్తాం, మీ గాలి మీకు దయచేస్తాం. నిలబడు అంటే నిలబడతాం. మాతోపాటు కవ్వాలూ నిలబడతాయి. మీకు ఆవలింతలు వస్తాయి, మాకూ వస్తాయి. తక్కువ గాలితో బతకడం మాకు కొత్త కాదు. మీకు కొత్త.

ఇది బెదిరింపు అనుకుంటే అనుకోండి. పదకొండేళ్ళు మీరు నన్ను ఏమన్నారో దానికంటే ఇది చాలా మర్యాదగా ఉంది. ప్రతి మాటా 'మీరు' అనే రాశాను, చూసుకోండి.

జవాబు కాగితం మీద పంపకండి. మీ కాగితాలు చాలా చూశాను. బుధవారం పొద్దున్న మొదటి గంటకి పోలమ్మ గారు నాలుగో తలుపు ముందుకి వస్తారు. ఒక పక్క నేను, ఒక పక్క కిబో గారు ఉంటాం. తలుపు ఆవిడని ఏమని పిలుస్తుందో, అదే మీ జవాబు.

గంట కొట్టేదాకా దయచేసి ఊరుకోండి.